అంచు బంటు ఒక్క అడుగు

ప్రారంభ గ్రంథాల శిక్షణ లేని పంజాబు ఆటగాడు కాపాబ్లాంకాను ఎలా ఓడించాడు? ఆ గెలుపు అతనికి ఏమి మిగిల్చింది?

చదరంగంలో నడి ఆటను ప్రతిభతో ఆడవచ్చు. చివరి ఆటను ఓపికతో నెట్టుకు రావచ్చు. కాని మొదటి పది పన్నెండు ఎత్తులు మాత్రం అలాంటివి కావు. అవి పూర్వులు వందలాది ఆటలు ఆడి, ఓడి, గ్రంథాలలో వ్రాసి పెట్టిన అనుభవసారం. వాటిని ఎవరైనా నేర్పాలి, లేదా చదివి తెలుసుకోవాలి. ఆ రెండూ లేనివాడు మేటి ఆటగాళ్ళ ఎదుట కూర్చుంటే, ఆట సరిగా మొదలు కాకముందే వెనుకబడిపోతాడు.

అయినా 1930వ సంవత్సరం ముగిసి 1931 ప్రవేశిస్తున్న రోజులలో, ఇంగ్లండు దక్షిణ తీరంలోని హేస్టింగ్స్ పట్టణంలో ఒక వింత జరిగింది. పాశ్చాత్య పద్ధతి చదరంగం నేర్చి పట్టుమని అయిదారేళ్ళు కూడా కాని ఒక భారతీయుడు, ప్రపంచ మాజీ విజేత హోసే రౌల్ కాపాబ్లాంకాను 65 ఎత్తులలో ఓడించాడు. ఆ భారతీయుని పేరు మీర్ సుల్తాన్ ఖాన్.

కాపాబ్లాంకాను ఓడించడం అంటే ఏమిటో ఆ కాలపు ఆటగాళ్ళకు బాగా తెలుసు. క్యూబా దేశస్థుడైన ఆయన 1916 నుంచి 1924 వరకు, ఎనిమిదేళ్ళ పాటు, ఒక్క పోటీ ఆట కూడా ఓడిపోలేదు. 1921లో ప్రపంచ విజేత అయి 1927 వరకు ఆ పీఠం మీద ఉన్నాడు. లోకం ఆయనను ‘చదరంగ యంత్రం’ అని పిలిచింది. హేస్టింగ్స్ పోటీలో ఆయన ఓడిన ఆట అదొక్కటే.

ఒక్కొక్క గడి నడిచే బంటు

సుల్తాన్ ఖాన్ పంజాబులో సర్గోదా ప్రాంతానికి చెందిన మిఠా తివానా గ్రామంలో పుట్టాడు. చిన్నతనంలో తండ్రి దగ్గర చదరంగం నేర్చుకున్నాడు. ఇరవై యేళ్ళు దాటేసరికి పంజాబులో అతనికి సాటి లేదన్న పేరు వచ్చింది. అయితే అతడు నేర్చినది మన దేశపు చదరంగం. పూర్వం మన పల్లెటూళ్ళలో అరుగుల మీద పెద్దలు ఆడుకున్న ఆట కూడా ఆ కుదురుకు చెందినదే. ప్రాంతాన్ని బట్టి నియమాలలో తేడాలు ఉన్నా, పాశ్చాత్య పద్ధతికీ దానికీ ముఖ్యమైన భేదాలు కొన్ని ఉన్నవి.

పాశ్చాత్యుల ఆటలో బంటు తన మొదటి ఎత్తులో రెండు గడులు దుమకవచ్చు. మన ఆటలో దానికి ఆ స్వేచ్ఛ లేదు. ఎప్పుడైనా ఒక్క గడియే. వారి రాజు ఏనుగుతో కలిసి ఒకే ఎత్తులో కోటలోకి చేరుతాడు. మన రాజుకు ఆ సౌకర్యం లేదు గాని, ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రం వలె దుమికే హక్కు ఉన్నది. వారి బంటు చివరి వరుసకు చేరితే సాధారణంగా మంత్రి అవుతుంది. మన బంటు ఏ బలం గడికి చేరితే ఆ బలంగానే మారుతుంది.

ఈ భేదాల వలన రెండు ఆటల స్వభావమే వేరైపోయింది. బంట్లు రెండేసి గడులు దుమికే ఆటలో మూడు నాలుగు ఎత్తులకే సేనలు ఢీకొంటాయి. అందుచేత ప్రారంభంలో చేసిన చిన్న పొరపాటు కూడా ప్రాణాంతకం కావచ్చు. ఒక్కొక్క గడి నడిచే ఆటలో ఇరు పక్షాలూ నిదానంగా మోహరిస్తాయి; తొందర తక్కువ, ఓపిక ఎక్కువ. సుల్తాన్ ఖాన్ చేతికి అలవాటైనది ఆ రెండవ ఆట.

అతనిలోని ప్రతిభను గుర్తించినవాడు సర్ ఉమర్ హయాత్ ఖాన్ తివానా. ఆయన పంజాబులో పెద్ద భూస్వామి, సైన్యంలో ఉన్నత పదవి పొందినవాడు, చదరంగం అంటే ప్రాణం పెట్టేవాడు. సుల్తాన్ ఖాన్‌ను తన పోషణలోకి తీసుకుని, పాశ్చాత్య నియమాలు నేర్పించాడు. 1928లో సుల్తాన్ ఖాన్ అఖిల భారత పోటీలో విజేతగా నిలిచాడు. మరుసటి వసంతంలో సర్ ఉమర్ అతనిని వెంటబెట్టుకుని లండన్ చేరాడు.

లండన్‌లో అతడు ఆడిన తొలి ఆటలు నిరాశ కలిగించాయి. లోపం ఎక్కడ ఉన్నదో అక్కడి మేటి ఆటగాళ్ళు ఫ్రెడ్ యేట్స్, విలియం వింటర్ వెంటనే గ్రహించారు. నడి ఆటలోను, చివరి ఆటలోను అతడు ఎవరికీ తీసిపోడు, ప్రారంభంలోనే తడబడుతున్నాడు. వారిద్దరూ అతనికి కొంత శిక్షణ ఇచ్చారు. ఆ వేసవిలోనే రామ్స్‌గేట్‌లో జరిగిన బ్రిటిష్ ఛాంపియన్‌షిప్‌ను సుల్తాన్ ఖాన్ గెలుచుకున్నాడు. లండన్‌లో అడుగు పెట్టి కొన్ని నెలలు మాత్రమే అయిన భారతీయునికి ఆ బిరుదు దక్కడం ఎవరూ ఊహించని సంగతి.

‘ఇండియన్’ అన్న పేరు

హేస్టింగ్స్ ఆటలో కాపాబ్లాంకా నల్లబలాలతో ఎన్నుకున్న రక్షణకు ‘క్వీన్స్ ఇండియన్ డిఫెన్స్’ అని పేరు. భారతీయునితో ఆడుతూ ‘ఇండియన్’ రక్షణ ఎన్నుకోవడం యాదృచ్ఛికమే. అయితే ఆ పేరు వెనుక ఉన్న చరిత్ర మాత్రం మన దేశానిదే.

పందొమ్మిదవ శతాబ్ది నడిమి కాలంలో జాన్ కాక్రేన్ అనే స్కాట్లండు న్యాయవాది కలకత్తాలో ఉండేవాడు. యూరపులోని గొప్ప ఆటగాళ్ళలో ఆయన ఒకడు. కలకత్తాలో ఆయనకు తరచు ఎదురు కూర్చున్నవాడు మహేశచంద్ర బందోపాధ్యాయ అనే బెంగాలీ. ఈ బెంగాలీ పాశ్చాత్యుల వలె మధ్య గడులలోకి బంట్లను దూకించేవాడు కాదు. గుర్రాన్ని ముందు నిలిపి, బంటును ఒక్క గడి జరిపి, ఆ సందులో శకటాన్ని నిలిపి, దూరం నుంచి మధ్య గడులపై గురి పెట్టేవాడు. ఒక్కొక్క గడి నడిచే బంట్లతో పెరిగిన చేతికి అది సహజమైన మోహరింపు. యూరపు వారికి అది వింతగా తోచింది. తరువాతి కాలంలో అటువంటి ప్రారంభాలన్నిటికీ ‘ఇండియన్’ అన్న పేరు స్థిరపడింది.

1855లో కలకత్తాలో కాక్రేన్‌తో ఆడిన ఒక ఆటలో మహేశచంద్ర వేసిన మొదటి ఎత్తులు ఈనాటికీ లభిస్తున్నాయి. అవే ఎత్తులను 1922లో ఆస్ట్రియా ఆటగాడు ఎర్నెస్ట్ గ్రూన్‌ఫెల్డ్ పెద్ద పోటీలలో ప్రవేశపెట్టాడు. ఆ ప్రారంభం ‘గ్రూన్‌ఫెల్డ్ డిఫెన్స్’ అనే ప్రసిద్ధి పొందింది. ఆయన దానిని పరిశీలించి, పోటీలలో నిలబెట్టినవాడు గనుక పేరు దక్కడం అన్యాయమేమీ కాదు. కాని చదరంగంలో ఒక ఎత్తుకు పేరు పెట్టేది మొదట ఆడిన చెయ్యి కాదు, దానిని గ్రంథానికి ఎక్కించిన కలం.

హేస్టింగ్స్ బల్ల మీద

ఇక ఆ ఆట సంగతి. అప్పటికి దేశం ఉడికిపోతున్నది. ఆ యేడే గాంధీజీ దండి యాత్ర నడిచింది. లండన్‌లో మొదటి రౌండ్ టేబుల్ సమావేశం జరుగుతున్నది. సరిగా అదే సమయంలో, తలపాగా ధరించిన సుల్తాన్ ఖాన్ హేస్టింగ్స్‌లో తెల్లబలాల వెనుక కూర్చున్నాడు.

గడులకు ఎడమ నుంచి ఎ, బి, సి మొదలుగా హెచ్ వరకు అక్షరాలు, తెల్లబలాల వైపు నుంచి 1 మొదలు 8 వరకు అంకెలు పెట్టడం పాశ్చాత్యుల ఆనవాయితీ. క్వీన్స్ ఇండియన్ రక్షణలో పోరాటమంతా ఇ4 గడి కోసం. నల్ల శకటం బి7 గడిలో నిలిచి, పొడవాటి కర్ణరేఖ వెంట ఇ4పై కన్నేసి ఉంచుతుంది. తెల్ల గుర్రం సి3 గడిలో నిలిచి ఆ గడిని కాపాడుతుంది. నల్లవాని రెండవ శకటం బి4కు వచ్చి ఆ గుర్రాన్ని కదలకుండా కట్టివేయగలిగితే ఇ4 మీద నల్లవాని పట్టు పెరుగుతుంది.

అయిదవ ఎత్తులో సుల్తాన్ ఖాన్ అంచున ఉన్న బంటును ఎ2 నుంచి ఎ3కి, ఒక్క గడి జరిపాడు. చూడడానికి అది పని లేని ఎత్తు. కొత్త బలమేదీ బయటికి రాలేదు. రాజుకు రక్షణ పెరగలేదు. పుస్తక జ్ఞానం ఉన్నవాడు కాలం వృథా అయినదని నవ్వుకోవచ్చు. కాని ఆ చిన్న బంటు బి4 గడిని మూసివేసింది. నల్ల శకటానికి ఇక అక్కడ చోటు లేదు. తెల్ల గుర్రం స్వేచ్ఛగా నిలిచింది.

కాపాబ్లాంకా డి5లో బంటును నిలిపాడు. సుల్తాన్ ఖాన్ తన సి బంటును దానితో మార్పిడి చేసుకున్నాడు. తిరిగి కొట్టిన నల్ల బంటు డి5లోనే పాతుకుపోయింది. దానితో బి7లోని నల్ల శకటానికి సొంత బంటే అడ్డుగోడ అయింది. ఆ తరువాత నల్ల గుర్రం ఇ4లోకి దూకింది. తెల్లవాడు తొందరపడలేదు. పన్నెండవ ఎత్తులో తన గుర్రాన్ని బి5కు పంపి, మరుసటి ఎత్తులో దానిని ఇచ్చి, నల్లవాని రెండవ శకటాన్ని తీసుకున్నాడు. కొద్దిసేపటికి ఇ4లోని గుర్రాన్ని కూడా తన గుర్రంతో మార్చుకున్నాడు. నల్లవాని మరొక బంటు ఇ4 చేరింది. ఇప్పుడు మిగిలిన ఒక్క నల్ల శకటం ముందు రెండు సొంత బంట్లు నిలిచి ఉన్నాయి. తెల్లవానికి మాత్రం రెండు శకటాలూ సజీవంగా ఉన్నాయి.

సుల్తాన్ ఖాన్ రాజును కోటలోకి పంపలేదు. మన ఆటలో ఆ అలవాటే లేదు కదా! రాజు నడిమధ్యనే నిలిచి ఉండగా, కుడివైపు బంట్లు ముందుకు నడిచాయి. ఇరవయ్యవ ఎత్తుకు ఒక బంటు జి5 చేరి నల్ల గుర్రాన్ని వెనుకకు తరిమింది. ఆ వెంటనే తెల్ల శకటం జి4కు వచ్చి నల్ల ఏనుగును బెదిరించింది.

కాపాబ్లాంకాకు అప్పటికే రెండు ఏనుగులూ సి వరుసలో ఉన్నాయి. ఆయన వాటిని శత్రువు ఇంటిలోకి దూకించాడు. ఒక ఏనుగు సి1కి వచ్చి రాజుకు చెక్ చెప్పింది. రాజు డి2కు జరిగాడు. రెండవ ఏనుగు సి2కు వచ్చి మళ్ళీ చెక్ చెప్పింది. ఈ మెరుపు దాడిలో కాపాబ్లాంకా తన రెండు ఏనుగులనూ ఇచ్చి, బదులుగా తెల్ల మంత్రిని తీసుకున్నాడు. మంత్రి లేని తెల్లరాజు బల్ల నడుమ ఒంటరిగా ఉన్నాడు. నల్ల మంత్రి చుట్టూ తిరుగుతున్నది. చూసేవారికి నల్లవానిదే పైచేయి అనిపించే స్థితి అది.

కాని సుల్తాన్ ఖాన్ లెక్క వేరు. రెండు ఏనుగులు ఒకదానికొకటి అండగా నిలిచి, రాజుకు ప్రమాదం లేనప్పుడు, అవి మంత్రి కంటె బలమైనవి. అతడు ముందుగా శకటాన్ని వెనుకకు రప్పించి రాజును కాపాడుకున్నాడు. తరువాత ఏనుగులను ఒక్కొక్కటిగా సి వరుసలోకి తెచ్చాడు. నల్ల మంత్రి తిరగడానికి ఉన్న దారులు క్రమంగా మూసుకుపోయాయి. నల్లవానికి ఎదురుదాడి చేసే అవకాశం ఎక్కడా మిగలలేదు. ఆ తరువాత నలభై ఎత్తుల దాకా సాగినది కేవలం ఓపిక. ప్రతి ఎత్తుకూ ఉరి కొంచెం బిగిసింది. 65వ ఎత్తు వద్ద చదరంగ యంత్రం ఓటమిని ఒప్పుకున్నది.

ఆ పోటీలో నెదర్లండ్స్‌కు చెందిన మాక్స్ యూవే ప్రథముడు, కాపాబ్లాంకా ద్వితీయుడు, సుల్తాన్ ఖాన్ తృతీయుడు. యూవే అయిదేళ్ళ తరువాత ప్రపంచ విజేత అయ్యాడు. సుల్తాన్ ఖాన్‌ది అసాధారణమైన చదరంగ ప్రతిభ అని కాపాబ్లాంకా తరువాత స్వయంగా వ్రాశాడు.

అయిదేళ్ళ వెలుగు

అది గుడ్డి గెలుపు కాదనడానికి తరువాతి యేళ్ళే సాక్ష్యం. 1930లోనే లియేజ్ పోటీలో తార్తకోవర్ వెనుక అతడు రెండవ స్థానంలో నిలిచాడు. 1931లో అదే తార్తకోవర్‌ను ముఖాముఖి పందెంలో ఓడించాడు. ఆ యేడు ప్రేగ్‌లో జరిగిన ఒలింపియాడ్‌లో బ్రిటన్ తరఫున మొదటి బల్లపై ఆడాడు. ఫ్లోర్‌ను, రూబిన్‌స్టైన్‌ను ఓడించి, అప్పటి ప్రపంచ విజేత అలెఖిన్‌తో సమంగా ముగించాడు. 1932లోను, 1933లోను మళ్ళీ బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1933లోనే బ్రిటిష్ మహిళల ఛాంపియన్‌షిప్‌ను మిస్ ఫాతిమా గెలుచుకున్నది. ఆమె కూడా సర్ ఉమర్ ఇంటి మనిషే.

ఇంత కీర్తి వచ్చినా అతని జీవితం అతని చేతిలో లేదు. ఇంగ్లండు చలి అతనికి పడలేదు. మలేరియా, జలుబు, గొంతునొప్పి వదలకుండా వేధించేవి. మెడకు గుడ్డ చుట్టుకుని బల్ల ముందు కూర్చున్న రోజులున్నాయి. అమెరికా ఆటగాడు రూబెన్ ఫైన్ తన జ్ఞాపకాలలో ఒక సంగతి వ్రాశాడు. 1933లో సర్ ఉమర్ అమెరికా జట్టును లండన్‌లోని తన ఇంటికి విందుకు పిలిచాడు. ఆ విందులో వారికి వడ్డించినది, వారు గురుతుల్యునిగా ఎంచే సుల్తాన్ ఖాన్. ఆ స్థితిలో తమకు దిక్కు తోచలేదని ఫైన్ అన్నాడు.

‘సేవకుడు’ అన్న మాట మీద తరువాత వివాదం కూడా వచ్చింది. ఆంగ్ల గ్రాండ్‌మాస్టర్ డేనియల్ కింగ్ 2020లో అతనిపై వెలువరించిన గ్రంథం పేరులోనే ఆ మాట ఉన్నది. కుటుంబీకులు దానిని ఆక్షేపించారు. తమది భూములున్న కుటుంబమనీ, అతడు నిరక్షరాస్యుడనే ప్రచారం అబద్ధమనీ వారు ప్రకటించారు. అతని గురించి లోకం విన్న కథలన్నీ ఎదుటి బల్ల వద్ద కూర్చున్నవారు చెప్పినవే. అతడు తన గురించి తాను వ్రాసుకున్న పుస్తకం లేదు. ఈ వివాదానికి మూలం అదే.

1933 డిసెంబరులో సర్ ఉమర్ భారతదేశానికి తిరిగి వచ్చాడు. సుల్తాన్ ఖాన్ కూడా వచ్చేశాడు. 1935లో ఖాదిల్కర్‌తో జరిగిన పందెంలో పది ఆటలకు తొమ్మిదిన్నర పాయింట్లు సాధించాడు. అంతటితో పెద్ద పోటీలకు స్వస్తి చెప్పినట్లే అయింది. యూరపు అతనిని మరల చూడలేదు.

ఆలస్యంగా వచ్చిన బిరుదు

1950లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య మొదటిసారి గ్రాండ్‌మాస్టర్ బిరుదులు ప్రకటించింది. 27 మందికి ఆ గౌరవం దక్కింది. వారిలో తార్తకోవర్ ఉన్నాడు, ఫ్లోర్ ఉన్నాడు, రూబిన్‌స్టైన్ ఉన్నాడు. ముగ్గురూ సుల్తాన్ ఖాన్ చేతిలో ఓటమి చవిచూసినవారే. చాలా యేళ్ళుగా ఆటకు దూరమయ్యాడన్నది అభ్యంతరం అనుకుంటే, రూబిన్‌స్టైన్ కూడా 1930ల ఆరంభం నుంచే పోటీలకు దూరంగా ఉన్నాడు. ఆయన పూర్వ వైభవాన్ని సమాఖ్య గుర్తుంచుకున్నది. సర్గోదా పక్కన నివసిస్తున్న మనిషిని మాత్రం మరచిపోయింది. దేశం రెండుగా చీలిన తరువాత అతడు పాకిస్తాన్ పౌరుడు. అతని తరఫున అడగడానికి భారతదేశానికి హక్కు లేదు, పాకిస్తాన్‌కు పట్టలేదు.

పిల్లలకు ఆట నేర్పడానికి అతడు ఇష్టపడలేదని పెద్ద కుమారుడు తరువాత చెప్పాడు. జీవితంలో ఇంతకంటె పనికివచ్చేది ఏదైనా చేయండి అన్నది తండ్రి మాట. 1966 ఏప్రిల్ 25న సుల్తాన్ ఖాన్ సర్గోదాలో కన్ను మూశాడు.

ఆ హేస్టింగ్స్ ఆట జరిగినప్పుడు సోవియట్ యూనియన్‌లో టిగ్రాన్ పెత్రోస్యాన్ అనే శిశువుకు ఇంకా రెండేళ్ళు నిండలేదు. పెరిగి పెద్దవాడై, 1963లో ప్రపంచ విజేత అయిన ఆయన క్వీన్స్ ఇండియన్ రక్షణకు ఎదురుగా అదే అంచు బంటును ఎ3కి జరిపి ఆడేవాడు. 1980 తరువాతి యేళ్ళలో యువకుడైన గారీ కాస్పరోవ్ ఆ పద్ధతితోనే వరుస విజయాలు సాధించాడు. నేడు చదరంగ గ్రంథాలలో దానిని ‘పెత్రోస్యాన్ పద్ధతి’ అంటారు. దాని లోతులను శాస్త్రంగా తవ్వినది వారే. ఆ గౌరవం వారికి చెల్లవలసినదే. అయితే గ్రంథాలు లేని ఒక పంజాబు ఆటగాడు ఆ మార్గంలోనే నడిచి కాపాబ్లాంకా అంతటివానిని ఓడించాడన్నది కూడా ఆ చరిత్రలో ఒక పుట.

2024 ఫిబ్రవరిలో అంతర్జాతీయ సమాఖ్య సుల్తాన్ ఖాన్‌కు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ప్రకటించింది. సమాఖ్య అధ్యక్షుడు దానిని పాకిస్తాన్ ప్రధానికి స్వయంగా అందజేశాడు. అప్పటికి ఆ ఆటగాడు మరణించి దాదాపు 58 యేళ్ళు. ఆ విధంగా అతడు పాకిస్తాన్ తొలి గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు.

అదే యేడు సెప్టెంబరులో, బుడాపెస్ట్‌లో జరిగిన ఒలింపియాడ్‌లో భారత పురుషుల జట్టు, మహిళల జట్టు రెండూ స్వర్ణ పతకాలు గెలుచుకున్నాయి. ఆ జట్లలో వరంగల్ యువకుడు అర్జున్ ఎరిగైసి, గుంటూరు వాడు పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక ఉన్నారు. వారికి చిన్ననాటి నుంచి గురువులు ఉన్నారు, గ్రంథాలు ఉన్నాయి, కోట్ల కొద్దీ ఎత్తులను క్షణంలో లెక్కించే కంప్యూటర్లు ఉన్నాయి. ఓడిపోతే మళ్ళీ ఆడడానికి పోటీలు ఉన్నాయి. గెలిస్తే పేరు వారిదే. సుల్తాన్ ఖాన్‌కు వీటిలో ఏ ఒక్కటీ నిశ్చయంగా లేదు. అతని వద్ద ఉన్నదల్లా ఒక్కొక్క గడి నడిచే బంటు నేర్పిన ఓపిక. కాపాబ్లాంకాను ఓడించడానికి ఆనాడు అదే సరిపోయింది.